రెండో పంపు వెనక నక్క

ఆ పసుపు కార్డు కనిపెట్టినవాడెవడో గానీ, వాడి మీద నాకింకా కోపం చల్లారలేదు. అరచేయంత కార్డు. వారానికొకటి నింపి ఇవ్వాలి. పనిచేసే చోట నీ కంటికి కనిపించిన ప్రమాదం ఏమిటి, ఎక్కడ, ఏం చేస్తే పోతుంది అని మూడు గళ్ళు. గురువారంలోపు ఇవ్వకపోతే ఆదివారం పొద్దున మీటింగులో అందరి ముందూ నీ నంబరు చదువుతారు. నాకేమీ కనిపించలేదంటే కుదరదు, కనిపించి తీరాలి. అందుకని మావాళ్ళంతా కేబుల్ దారికి అడ్డంగా ఉందనో, నిచ్చెన మెట్టు వదులైందనో ఒకరి కార్డు చూసి ఒకరు రాసి పడేసేవారు.

మాది జగిత్యాల వైపు. సౌదీలో ఉత్తరాన, అరార్ పట్నం దాటాక ఎడారిలో ఉన్న ఒక ప్లాంటులో పంపు ఆపరేటర్ని. జనవరిలో ఇక్కడ పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయని చెబితే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు. క్యాంపులో వాడిన నీళ్ళు శుద్ధి అయి, కంచె బయట ఒక మడుగులోకి చేరతాయి. దాని గట్టు మీద నాలుగు పంపులు. తెల్లవారగానే వాటి మీటర్లు చూసి పుస్తకంలో రాయడం నా పని. చుట్టుపక్కల ఎక్కడా నీటిచుక్క లేదు కాబట్టి చలికాలమంతా బాతులూ, తీతువులూ, పేరు తెలియని పొడుగుకాళ్ళ పిట్టలూ అక్కడే దిగేవి.

ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం వదిలేసి శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్న ఒక ఫిలిప్పీన్ అతని దగ్గర పాత కెమెరా తీసుకున్నాను. మొదటి చలికాలం తీసినవన్నీ దండగే. వేళ్ళు కొంకర్లు పోయి బటన్ మీద నిలిచేవి కావు. వెచ్చటి గదిలోంచి తెచ్చిన కెమెరాకి బయటి చలికి అద్దం లోపల ఆవిరి పట్టేది. తర్వాత తెలివొచ్చి కెమెరాని రాత్రంతా పంపు షెడ్డులోనే ఉంచడం మొదలుపెట్టాను. నడుస్తున్న మోటారుకు వీపు ఆనించి కూర్చుంటే చలి తెలిసేది కాదు. అరగంట కదలకుండా కూర్చుంటే పిట్టలు నన్నూ ఒక పంపు కింద జమకట్టేసేవి.

మూడో చలికాలం నక్క వచ్చింది. మన గుంటనక్కకు దగ్గరి చుట్టంలా ఉంటుంది గానీ చెవులు బాగా పెద్దవి, ఒళ్ళంతా ఇసుక రంగు. నీళ్ళు తాగి, నా వైపు ఒకసారి చూసి, రెండో పంపు వెనక సున్నపురాయి గుట్టలోకి పోయేది. నేనెప్పుడూ దానికి తిండి వెయ్యలేదు, దగ్గరికి పోలేదు. మార్చిలో ఒకరోజు అది మడుగు ఒడ్డున ముందుకాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుంది. వెనక నుంచి ఎండ పడుతోంది. పొట్ట కింద పాలతో నిండిన చన్నులు కనబడ్డాయి. గుట్టలో పిల్లలున్నాయన్నమాట! నేను తీసిన ఫొటోలన్నిటిలోకీ మంచిది అదే. ఆ పిల్లలు మొదటిసారి బయటికొచ్చే పొద్దున నేనక్కడ ఉండాలని, ఆ నెల సెలవు రోజుల్లో కూడా మడుగు దగ్గరికి పోయాను.

అదే నెలలో వరుసగా రెండు ఆదివారాలు నా నంబరు చదివారు. మూడోసారి చదివించుకునే సిగ్గు తట్టుకోలేక, గురువారం సాయంత్రం పుట్టిన తెలివితక్కువ ఆలోచన నాది. ప్రమాదం: అడవి జంతువు. చోటు: రెండో పంపు వెనక గుట్ట. ఏం చెయ్యాలి అన్న గడిలో "జాగ్రత్తగా ఉండాలి" అని రాశాను. కార్డు కొత్తగా కనబడాలని ఆ ఫొటో కూడా జతచేశాను. ఎవడడిగాడు నన్ను ఫొటో?

ఆదివారం నాకు బహుమతి ఇచ్చారు. ఒక ఫ్లాస్కు. అందరూ చప్పట్లు కొట్టారు. నా రూమువాడు వీపు మీద చరిచి, "నక్కతోక తొక్కినవే అన్నా!" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

మీటింగయ్యాక సేఫ్టీ ఆఫీసరు పిలిచాడు. కాకినాడ వైపు మనిషి, తెలుగువాడే. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ? రేబీస్ రిస్కు కదా ఇది. పెస్ట్ కంట్రోల్‌కి పంపించేశాను," అన్నాడు.

నేను బతిమాలాను. "సార్, అది ఎవల్నీ ఏం జెయ్యది. మూడు నెలల సంది సూస్తున్న. పిల్లలున్నయి సార్. ఊకె రాసిన, కార్డు కోసం."

"ఊరికే రాయడమేంటండీ? సిస్టంలో ఎక్కేసింది. ఇంక నా చేతుల్లో ఏముంది?"

చేతుల్లో లేదట! వేలితో ఒక బటన్ నొక్కి పంపినవాడు అతనే. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. "సరే సార్" అని బయటికొచ్చాను.

బుధవారం పొద్దున నేను మడుగు దగ్గరికి చేరేసరికి నక్క గట్టు మీద పక్కకు పడి ఉంది. నోటి చుట్టూ నురగ. దగ్గర్లో సగం తిన్న కోడి ముక్క. మాస్కు కట్టుకున్న బంగ్లాదేశ్ అతను గుట్ట దగ్గర బొరియలోకి ఏవో విషపు మాత్రలు వేసి, పారతో మట్టి లాగి మూస్తున్నాడు. "అందర్ బచ్చే హై భాయ్, రుకో!" అని, లోపల పిల్లలున్నాయి ఆగమని అరుస్తూ పరిగెత్తాను. అతను ఆగాడు. పాపం, తిట్టలేదు, విసుక్కోలేదు. జేబులోంచి కాగితం తీసి, ఇందులో ఏం రాసుంటే అది చెయ్యడమే నా పని అన్నాడు. పైన నా కార్డు నకలు ఉంది. నా చేతిరాత, నా నంబరు. కాగితం మడిచి అతని చేతికే ఇచ్చేశాను. మిగిలిన మట్టి కూడా లాగి, పైన రాయి పెట్టి, నక్కని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం సేఫ్టీ ఆఫీసరు ఫోన్. "మీ కార్డు ఇంకా ఓపెన్‌లో ఉందండీ. బిఫోర్ ఫొటో మీరు పెట్టారు కదా, ఆఫ్టర్ ఫొటో కూడా మీరే పెట్టాలి. సేమ్ యాంగిల్‌లో అయితే బాగుంటుంది. అప్పుడు క్లోజ్ చేసేస్తాను."

తియ్యనని చెప్పలేదు. మళ్ళీ "సరే సార్" అనే అన్నాను. మర్నాడు పొద్దున మీటర్లు రాశాక, మోటారుకు వీపు ఆనించి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. ఎండ గట్టు మీదికి వచ్చేదాకా ఆగాను. ఖాళీ ఒడ్డు, వెనక రాయి పెట్టి మూసిన బొరియ, రెండూ పడేలా సరిచూసుకుని ఒకటి తీశాను. అది మసకగా వచ్చింది. మళ్ళీ తీశాను.