కత్తెర బాబాయి

సినిమావాళ్లంతా ఆయన్ని కత్తెర బాబాయి అంటారు. ఆయన కత్తెర ముట్టుకుని ఏళ్లయింది, ఇప్పుడంతా కంప్యూటరే. పేరు మాత్రం పోలేదు. ఉత్తమ ఎడిటర్‌గా గెలుచుకున్న షీల్డుల్లో రెండింటిని మానిటర్ కింద ఎత్తు కోసం పెట్టుకున్నాడు. కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని, ఏ సీనైనా ముందు సౌండ్ తీసేసి చూస్తాడు. మొహం నమ్మించకపోతే మాటలెన్ని పోసినా దండగే అంటాడు.

ఆ రోజు పొద్దున్నే దర్శకుడు వచ్చి కూలబడ్డాడు. "బాబాయ్, కొత్తమ్మాయి కొయ్యబొమ్మలా ఉంది. ఆమెను తీసేసి, ఇంకొకరితో మళ్లీ తీయమంటున్నాడు నిర్మాత." "సాయంత్రం దాకా ఆగు నాయనా," అన్నాడాయన. అందరూ పక్కన పడేసే ముక్కలు తెరిచాడు. కెమెరా తిరుగుతున్నా ఇంకా 'యాక్షన్' అనని ఆ క్షణాల్లో, ఆ పిల్ల చెదిరిన జుట్టు సర్దుకుంటోంది, గుమ్మం వైపు ఆశగా చూస్తోంది, తనలో తనే నవ్వుకుంటోంది. ఆమె బిగుసుకుపోయిన చోటల్లా అలాంటి ముక్కొకటి అతికించాడు. సాయంత్రం దర్శకుడి వెంట ఆ అమ్మాయీ వచ్చి, తీర్పు వినేదానిలా తలుపు దగ్గరే నిలబడింది. ఆయన సీను వేసి చూపించాడు. అయిపోగానే దర్శకుడు నిర్మాతకు ఫోన్ చేశాడు: "అమ్మాయిని మార్చక్కర్లేదు సార్. మీరే వచ్చి చూడండి." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ, "అది నేనేనా బాబాయ్? ఎప్పుడు చేశానది?" అంది. "నటించాలన్న సంగతి మర్చిపోయినప్పుడు," అంటూ ఆయన తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చుని ఇంకోసారి చూసుకోమ్మా. రేపు షూటింగులో కూడా అలాగే మర్చిపో."