పటాల గోడకు బిగించిన స్క్రూలు

“గొడ్డలితో బతికేవాడు దుల్గేర్, చిత్రిక పట్టి బతికేవాడు తంప్లార్. నువ్వడిగినదానికి ఇంతే జవాబు. ఆ గోడ దగ్గరికి పోకమ్మాయ్!”

రహీలా గబుక్కున వెనక్కి జరిగింది. వడ్రంగి నెకీత ఆమెతో మాట్లాడుతున్నాడన్న మాటే గాని, చూపంతా గోడ నిలువు చూసేందుకు తాడుకు వేలాడదీసిన సీసపు గుండు మీదే ఉంది. చెక్క చర్చి ఉత్తరపు గోడ జాకీల మీద జానెడెత్తున లేచి నిలబడింది. పుచ్చిపోయిన అడుగుదూలాన్ని లాగేశారు. కొత్త ఓక్ దూలం గడ్డిమీద సిద్ధంగా ఉంది. అది లోపలికి దూరాలంటే గోడ ఇంకో రెండు వేళ్లు లేవాలి. లేపబోతే లోపల పటాల గోడ, దేవుడి పటాలు వరసగా నిలిపిన చెక్క అడ్డుగోడ, ఫెళ్లుమంది. అక్కడితో అందరి చేతులూ ఆగిపోయాయి.

రహీలా పాలబండి నడుపుతుంది. ఇంటింటి పాలతో పాటు ముసలివాళ్ల నోటి మాటలూ పోగేస్తుంది. కర్రపని చేసేవాళ్లకు రెండు పేర్లెందుకో అడుగుదామని వచ్చి, ఈ గండంలో చిక్కుకుంది.

“మరి ఆ పేర్లెక్కణ్ణుంచి వచ్చాయి, బాబాయ్?”

“ఆ తంప్లార్ సిల్వియునే అడగలేకపోయావా? మొన్న సారాకొట్లో ఊరంతా వినేలా చెప్పాడుగా! తంప్ల అంటే చర్చిలో పటాల గోడ. దాన్ని చేసేవాడు కాబట్టి తంప్లార్ అట. వాళ్ల పేరు దేవుడి ముంగిట్లో పుట్టిందట. నాది టర్కీవాళ్ల నోట్లోంచి ఊడిపడిందట.”

“నిజమేనా?”

“నిజమే అయ్యుంటుంది. అయితే ఏం? వాడి తంప్లకు ఎండావానా తగలకుండా కప్పు వేసిందెవడు? మా తాత!”

ఆ కోపంలోనూ అతని చెయ్యి గోడ దుంగను నిమురుతూనే ఉంది. అక్షరాలు రాకముందే తండ్రి అతని చేతికి గొడ్డలి ఇచ్చాడు. గొడ్డలితో చెక్కిన దుంగ మీద వాననీరు జారిపోతుందని, రంపంతో కోసింది నీళ్లు తాగుతుందని వేలితో తడిమించి నేర్పాడు. ఈ చర్చిలో ఇనుము పెట్టకూడదన్నదీ ఆయన నేర్పిన మాటే. కర్ర చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా కదులుతుంది, దాని దారిన దాన్ని కదలనివ్వాలి. అందుకే పటాల గోడను కూడా పక్కగోడల గాడిలో వదులుగా నిలబెట్టారు పాతవాళ్లు.

కిందటి చలికాలం అది గాలికి గడగడలాడుతోందని సిల్వియుని చర్చి ఫాదర్ పిలిపించాడు. సిల్వియు దాన్ని రెండు గోడలకూ పొడుగాటి స్క్రూలతో బిగించేశాడు. వాటి తలల మీద చెక్క బిరడాలు కొట్టి రంగు పూశాడు. ఆ సంగతి నెకీతకు ఎవరూ చెప్పలేదు, గోడ ఫెళ్లుమన్నాకే బయటపడింది. ఇప్పుడు ఒకవైపు గోడ లేస్తుంటే రెండో గోడ కదలనంటోంది, నడుమ పటాలు చీలుతున్నాయి.

నెకీత తమ్ముడు పావెల్ లోపల్నుంచి వంగుతూ బయటికొచ్చాడు.

“చీలిక పటంలో పరస్కేవ తల్లి భుజం దాకా వచ్చిందన్నా.”

“స్క్రూలు దొరికాయా?”

“ఎక్కడ! తడిమి తడిమి వేళ్లు పోతున్నాయి. దొంగవెధవ, ఎంత బాగా దాచాడో!”

“దాచడమే వాడి పనితనంరా,” అన్నాడు నెకీత. అనేశాక, ఆ మాట తన నోట వచ్చినందుకు తనే కాస్త తడబడ్డాడు.

“రంపం వేసేద్దామా?”

“ఎవరి మీద? ఆ తల్లి మీదా?”

కొండ మీద ఉరిమింది. తొలి చినుకులు పడ్డాయి. చివరి జాకీ కింద పరిచిన పలక ఓ పక్కకు బురదలో కుంగింది. సీసపు గుండు గోడకు మరికాస్త దగ్గరైంది. పావెల్ పరిగెత్తి ఆ పలక కింద రాయి దోపాడు. గుండు ఆగింది.

“దింపేయలేవా, బాబాయ్?”

“దేని మీదకి దింపను? కింద దూలమే లేదే!”

పొద్దున సిల్వియు వచ్చాడని రహీలాకు తెలుసు. పాలబండి దగ్గర ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఏదో చెప్పబోతూ అతను చర్చి గుమ్మం దాకా వచ్చాడట. “చిత్రిక పట్టే చేతులకు ఇక్కడేం పని? వెళ్లి మీ ఆవిడకి చెంచాలు చెక్కిపెట్టు!” అన్నాడట నెకీత. అంతా నవ్వారట. సిల్వియు టోపీ సర్దుకుని వెళ్లిపోయాడట.

అతను చెప్పబోయింది ఈ స్క్రూల సంగతేనని ఇప్పుడు నెకీతకు తెలిసింది. వాన అతని మీసాల మీంచి కారుతోంది. గుండు వంక చూశాడు, జాకీ వంక చూశాడు, చివరికి రహీలా వంక తిరిగాడు.

“బండి ఖాళీగానే ఉందా?”

“ఉంది.”

“సిల్వియు ఇంటికి పోనీ. గుమ్మంలోంచి కేకేసి రాకు. లోపలికెళ్లి, వాళ్లావిడ వింటుండగా చెప్పు, పొద్దున జనంలో అన్న మాట నెకీత వెనక్కి తీసుకున్నాడని. తప్పు నాదేనన్నానని చెప్పు.” బండి వైపు చెయ్యి చూపాడు. “స్క్రూలు ఎక్కడున్నాయో చెప్పి పంపితే చాలనకు. ఆ చేతులే కావాలి నాకు. వెంటబెట్టుకురా. పో తల్లీ, తొందరగా పో!”