మామగారి టేబుల్ మీద ఏడాది యుద్ధం

మా మామగారు బస్తర్‌లో ఇనప గనిలో రిటైరై కిరండూల్ క్వార్టర్ ఖాళీ చేసిన రోజున సామానంతా లారీకెక్కింది, ఒక్క టేబుల్ తప్ప. అసలు సిసలు టేకు. ఎత్తడానికి నలుగురు చాలక ఐదోవాణ్ణి పిలిస్తే, అతను ఒకసారి చూసి, తనకి ఇంట్లో పిల్లలున్నారని చెప్పి వెళ్లిపోయాడు. ఆ టేబుల్‌ని విశాఖలో కొత్తగా కొన్న ఫ్లాట్‌లో పెడితే ఆయనా అత్తగారూ బాల్కనీలో కాపురం చెయ్యాలి. అందుకని రైలెక్కే ముందు, ఇదే ఊళ్లో ఇదే గనిలో ఉద్యోగాలు చేస్తున్న అల్లుళ్లిద్దర్నీ ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి, టేబుల్ ఎవరిదో మీలో మీరు తేల్చుకోండి అన్నారు. రైలు కదిలింది. ఇంత పెద్దరికంగా పారిపోయిన మనిషిని నేను మళ్లీ చూళ్లేదు.

పెద్దల్లుడు, అంటే మా తోడల్లుడు, భద్రాచలం వైపు మనిషి. నన్ను "తమ్ముడూ" అంటాడు. ఆ ఒక్క మాటలో ఆయన కలిపే విషానికి తేళ్లు వచ్చి శిష్యరికం చెయ్యొచ్చు. నేను "అన్నయ్యగారూ" అంటాను. నేనేం కలుపుతానో ఆయన్నే అడగాలి. మా క్వార్టర్లు ఎదురెదురు. మా వైరానికి కారణం ఏమిటని అడిగితే చెప్పలేను గానీ, మొదలు ఎక్కడో తెలుసు. అత్తవారింట్లో నాటుకోడి వండినప్పుడల్లా కాలు ముందు పెద్దల్లుడి విస్తట్లో పడేది. కోడికి రెండు కాళ్లు కదా అంటారేమో. రెండోదీ ఆయన విస్తట్లోనే పడేది.

టేబుల్ తాత్కాలికంగా మా ఇంట్లోకి వచ్చింది. కారణం ఆయన గుమ్మం. మా ఊళ్లో ఎర్ర దుమ్ము కంచంలో అన్నం కంటే ముందు వడ్డన అవుతుంది. దాన్ని ఆపుదామని ఆయన వీధి గుమ్మానికి లోపలివైపు ఒక ఇనప చట్రం, దానికో జాలీ తలుపు బిగించాడు. దుమ్ము ఆగలేదు, గుమ్మం మాత్రం సన్నబడింది. ఆ సంగతి ఒప్పుకుంటాడా? వంచి, తిప్పి లాగితే తన గుమ్మంలో ఏనుగైనా పడుతుందని వీధంతా వినేలా చెప్పాడు.

ఉగాది పచ్చడి నోట్లో ఉండగానే ఒప్పందం కుదిరింది. డ్యూటీ దిగాక రోజూ ఆ టేబుల్ మీదే ఒక ఆట. మళ్లీ ఉగాదికి ఎవరి గెలుపులు ఎక్కువైతే టేబుల్ వాళ్లది, ఇక జన్మలో అడగకూడదు. ఈ ఆలోచన నాదే. బస్తర్ మొత్తం మీద బల్ల ఆటల పిచ్చి నా అంత ముదిరినవాడు లేడు. మా బీరువా మీద ఆటల పెట్టెలు ఫ్యాను రెక్కలకి తగిలేంత ఎత్తు ఉంటాయి. ఒక్కొక్కటీ జగదల్‌పూర్ దాకా కొరియర్‌లో వచ్చి, అక్కణ్ణుంచి బస్సు టాపు మీద కోళ్ల గంపల మధ్య ప్రయాణం చేసి, సగం కోడి వాసనతో నా ఒళ్లో వాలినవే. ఈ తోడల్లుడు నా ముందు ఏమూలకి అనుకున్నాను.

లెక్క కాగితం మీద రాస్తే నేను దిద్దుతానని ఆయన అనుమానం, ఆయన నమిలి మింగేస్తాడని నాది. అందుకని మా వీధి గోడే స్కోరు బోర్డు అయింది. ఇనప రాయితో సున్నం గోడ మీద గీస్తే గోరింటాకు పండినట్టు ఎర్రటి గీత పడుతుంది. తలుపుకి ఎడమన ఆయన గీతలు, కుడిన నావి. దారిన పోయేవాళ్లు తెలుగువాళ్లైనా, హిందీవాళ్లైనా, కొండ ఊళ్లనుంచి సంతకి వచ్చిన హల్బీవాళ్లైనా, ఆగి రెండు వైపులా చూసి ఎవరి భాషలో వాళ్లు నా మీద జాలిపడి వెళ్లేవారు.

ఎందుకంటే నేను ఓడిపోతున్నాను. ఆయన నా పెట్టెల్ని ఆఫీసు ఫైళ్లలా చూసేవాడు. రూల్సు పుస్తకం మొత్తం చదివి, అందులో నేను పదేళ్లుగా తప్పుగా ఆడుతున్న రూలు ఏదో పట్టుకుని, దాంతోనే నన్ను చంపేవాడు. ఒక పెట్టెలో అయితే ఆటగాళ్లంతా ఒకే జట్టు. ప్రపంచమంతా రోగాలు పాకుతుంటే కలిసి ఆపాలి. ఆయన ఊళ్లో రోగం ఉంది, నా చేతిలో మందు ఉంది. నేను ఇవ్వలేదు. మరుసటి వంతులో నా ఊరు రోగంతో తగలబడుతుంటే ఆయన విమానం ఎక్కి ఎటో షికారు వెళ్లాడు. చివరికి భూగోళం మీద ఒక్క ప్రాణి మిగల్లేదు. ఇద్దరం తృప్తిగా లేచి కాఫీ తాగాం. ఏడాది మొత్తంలో మేం కలిసి సాధించింది అదొక్కటే.

వానాకాలం మొదలయ్యాక ఆయన నా పెట్టెల్ని పక్కకి నెట్టేశాడు. "ఏంది తమ్ముడూ ఈ అట్టముక్కలు? మొగోళ్ల ఆట ఆడదాం రా," అని టేబుల్ మీద సుద్దతో పులిజూదం గీశాడు. మూడు పులులకి మూడు ఇనప రాళ్లు, పదిహేను మేకలకి చింతపిక్కలు. పులి మేక మీంచి దూకితే మేక చచ్చినట్టు. పులులు ఎటూ కదలకుండా మేకలు చుట్టూ మూసేస్తే మేకలది గెలుపు. పులులు ఎప్పుడూ ఆయనవే, పెద్దల్లుడు కదా. మధ్యాహ్నం షిఫ్టు లేని రోజుల్లో ఆడుతుంటే కొండ మీద గనిలో బ్లాస్టింగ్ అయ్యేది. ఆ దెబ్బకి నా చింతపిక్కలు మిడతల్లా గెంతేవి. ఆయన ఇనప రాళ్లు మాత్రం గడుసుగా కూర్చునేవి. గెంతిన మేకని వెనక్కి పెట్టబోతే నా మణికట్టు పట్టుకుని, మేక తనంతట తను కదిలితే అది నా వంతు కిందే లెక్క అనేవాడు. బైలడిలా కొండ కూడా పెద్దల్లుడి పక్షమే.

ఫాల్గుణం వచ్చేసరికి ఎడమ గోడ రక్తం చిందిన యుద్ధభూమిలా ఉంది. కుడివైపు నాలుగు దోమల్ని చంపినట్టుంది. తోడల్లుడు అప్పుడే టేబుల్ ఎక్కడ వేస్తే బాగుంటుందో కొలవడం మొదలుపెట్టాడు, నా ముందే, నా ఇంట్లోనే, నా టేపుతో.

సరిగ్గా ఆ రోజుల్లో ఎవరో పెద్ద సాబు వస్తున్నాడని కాలనీ మొత్తానికి పుతాయీ వాళ్లొచ్చారు. అంటే సున్నాలు వేసేవాళ్లు. నేను డ్యూటీలో ఉన్నాను. ఇంటికొచ్చి చూస్తే మా గోడ పాలమీగడలా ఉంది. మా ఆవిడ సున్నం చుక్కల చీరతో గుమ్మంలో నిలబడి, ఏడాదిగా అసహ్యంగా ఉన్న గోడకి తనే దగ్గరుండి రెండు కోట్లు వేయించానని చెప్పింది. నా జీవితంలో ఆవిడ నాకు తెలియకుండా చేసిన మేలు అదే. పైకి మాత్రం గోడకి తల ఆనించి ఘోరం జరిగిపోయిందన్నాను.

ఎదురింటి జాలీ తలుపు దడేలుమంది.

"ఎన్ని డబ్బులిచ్చినవ్ తమ్ముడూ ఆ పుతాయీవాళ్లకి?"

"నాకేం తెలుసు అన్నయ్యగారూ. నేనే ముందున్నానాయె. నష్టం నాకు."

ఆయన మొహానికి ఆ క్షణంలో ఎక్కిన రంగు ఏ ఇనప రాయితోనూ గీయలేరు. వీధి వీధంతా సాక్ష్యానికి దిగింది. కొందరు ఆయన వంద గెలిచాడన్నారు, కొందరు నేను అసలు గెలిచినట్టు ఎప్పుడూ చూళ్లేదన్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ మధ్యలో నిలబడి, ఒకే ఒక ఆట ఆడండి, గెలిచినవాళ్లు టేబుల్ తీసుకోండి, మా ప్రాణాలు వదలండి అని తీర్పు చెప్పారు.

ఉగాది మధ్యాహ్నం ఆ ఆట. పులులు ఆయనవి, మేకలు నావి. ఏడాది చావుదెబ్బలు తిని నేను ఒక్కటే నేర్చుకున్నాను: ఆ పులికి ఎదురుగా మేకని పెడితే తినకుండా ఉండలేదు. కోడికాలు దగ్గర మొదలైన ఆకలి అది. ఒక చింతపిక్కని మూలకి జరిపాను, తిన్నాడు. ఇంకోటి పెట్టాను, అదీ తిన్నాడు. తినితిని మూడు పులులూ మూలమూలకీ చేరాక మిగిలిన మేకల్ని చుట్టూ తోశాను. ఆయన వేలు ఒక పులి మీద పెట్టి చాలాసేపు ఉంచాడు. దారి లేదు. లేచి వెళ్లిపోయాడు. అదే టేబుల్ మీద బొబ్బట్లు తినేసి వెళ్లాడు లెండి.

నాలుగు రోజులు నేను ఆ టేబుల్ మీద మహారాజులా భోంచేశాను. ఐదో రోజు అకాల వాన పట్టుకుంది. సాయంత్రం దాకా ఏకధారగా కురిసింది. గోడ తడిసి ముద్దయింది. వాన వెలిశాక బయటికొచ్చి చూద్దును కదా, రెండు కోట్ల సున్నం కిందనుంచి ఎర్రటి గీతలు ఒకటొకటిగా లేస్తున్నాయి. ఈ కొండ రాయి ఏ సున్నానికీ లొంగదు. మామగారి హయాం నుంచీ ఇక్కడ కాపురాలు చేస్తున్నాం, ఆ మాత్రం జ్ఞానం ఒక్కరికీ లేకపోయింది. ఎడమవైపు అడివి. కుడివైపు దోమలు.

తోడల్లుడు అప్పటికే గొడుగేసుకుని గోడ ముందు నిలబడి బిగ్గరగా లెక్కపెడుతున్నాడు. ప్రతి పదికీ ఒకసారి ఆగి నావైపు చూస్తున్నాడు. ఒక్క ఆటతో తేలిపోయిందని నేనంటే, అబద్ధం మీద ఆడిన ఆట చెల్లదని ఆయన. మామగారికి ఫోన్ చేశాం. ఇంకా తేలలేదా అని అడిగి పెట్టేశారు. చివరికి మా ఆవిడే తేల్చింది.

"పట్టుకుపోండి బావా. ఆ టేబుల్ తుడిచి తుడిచి నా చేతులు పడిపోయాయి."

ఆయన వీధిలో ఉన్న మగవాళ్లందర్నీ పిలిచాడు. టేబుల్ నా గుమ్మం దాటుతుంటే పళ్లు బిగబట్టుకుని చూశాను. రోడ్డు దాటింది. ఆయన గుమ్మం చేరింది. లోపలినుంచి లాగుతానని ఆయన ముందే దూరాడు. వంచారు, తిప్పారు, ఏనుగుని తోసినట్టు తోశారు. సగం వెళ్లి, కాళ్లు ఆ ఇనప చట్రంలో ఇరుక్కుని, టేబుల్ ఆగిపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. చట్రం కోద్దామంటే దుమ్మొస్తుందంటాడు. టేబుల్ కాలు కోద్దామంటే మామగారి కాలు కోసినంత గోల చేస్తాడు. ఇక ఆయన వీధిలోకి రావాలంటే పెరటి గుమ్మంలోంచి దిగి, మురిక్కాలవ గట్టు మీద నడుచుకుంటూ క్వార్టర్ల లైను మొత్తం చుట్టి రావాలి. తోసినవాళ్లంతా నడుములు పట్టుకుని ఇళ్లకి పోయారు.

నేను మా కుర్చీ తెచ్చి, వీధిలోకి పొడుచుకొచ్చిన సగం టేబుల్ ముందు వేసుకున్నాను. జేబులోంచి సుద్దముక్క తీసి గీతలు గీశాను. చింతపిక్కలు పరిచాను. మూడు ఇనప రాళ్లు లోపలివైపు తోశాను. టేబుల్ అవతల, జాలీ తలుపుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఆయన నన్నే చూస్తున్నాడు.

"ఏంది తమ్ముడూ నవ్వుతున్నవ్?"

"ఏమీ లేదు అన్నయ్యగారూ. ఆట మీదే. పులి ఎటెళ్తుందో చూద్దామని."