చంద్రుడి మట్టిలో పెళ్లి మొలకలు

ఒక్క పూటలో అద్దెగదీ పరువూ రెండూ పోగొట్టుకోబోయిన సైన్సు మాస్టారిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే.

మనవాడొకడు రోదసిలోకి వెళ్లొచ్చిన ఏడది. జగ్గయ్యపేటలో మాణిక్యమ్మగారి మేడమీద గదిలో ఉండేవాణ్ణి. నందిగామలో సైన్సు ప్రదర్శన అనగానే, "రోదసిలో పంట, వంట చూపిస్తా" అని హెడ్మాస్టరుగారి దగ్గర కోతలు కోశాను. పళ్లెంలో తడిదూది పరిచి పెసలు చల్లి, ఉత్సాహం కొద్దీ గంటకోసారి నీళ్లు పోశాను. ప్రదర్శన రోజు పొద్దున చూస్తే పెసలు కుళ్లి గదంతా కంపు.

ఏడుపు ముఖంతో మెట్లు దిగానా, వరండాలో అయిదు మట్టి మూకుళ్ల నిండా పచ్చటి మొలకలు! మాణిక్యమ్మగారి అమ్మాయి రాజ్యం పెళ్లి అప్పటికి వారం కిందటే అయింది. వధూవరులు పుట్టమన్నులో నవధాన్యాలు చల్లిన పాలికలవి. అవెంత పచ్చగా ఉంటే కాపురం అంత పచ్చగా ఉంటుందని ఆవిడ నమ్మకం. పదహారు రోజుల పండగ దాకా ఎవర్నీ ముట్టుకోనివ్వరు.

సాయంత్రానికి తెచ్చి పెట్టేస్తాగా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, మూకుళ్లకు "చంద్రుడి మట్టి" అని చీటీలు అంటించి బస్సెక్కాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆ ఆత్రగాడు సైన్సు మాస్టారైతే ఆ మట్టు కూడా ఉండదు.

అక్కడ జడ్జిగా వచ్చిందెవరనుకున్నారు? నందిగామ కాలేజీ లెక్చరరు, మాణిక్యమ్మగారి కొత్త అల్లుడు!

"వీటినెక్కడో చూసినట్టుందే మాస్టారూ."

"మొలకలన్నీ ఒకలాగే ఉంటాయండీ."

ఆయన మట్టి నలిపి చూశారు. "అచ్చం పుట్టమన్నులా ఉంది!"

"చంద్రుడి మీదా అంతేనటండీ."

"సరే, పండించారు. మరి వండేదెట్లా?"

అక్కడ నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను? "అక్కడ మంట పెట్టకూడదండీ, పచ్చివే తినాలి. ఉప్పు చల్లితే గాల్లో తేలిపోద్ది, అందుకని నిమ్మరసంలో కలిపి పిండాలి" అంటూ ఒక మూకుడు కత్తిరించి పెట్టాను.

"బాగుందే! ఇంకాస్త పెట్టండి" అన్నారాయన. జడ్జి అడిగితే కాదంటామా? అయిదు మూకుళ్లూ గుండు కొట్టించుకున్నాయి. నాకు మొదటి బహుమతి వచ్చింది.

సాయంత్రం గుమ్మంలోనే మాణిక్యమ్మగారు ఎదురయ్యారు. "నా కూతురి పాలికలేవి మాస్టారూ?"

బోడి మూకుళ్లు తీసి ముందు పెట్టాను. ఆవిడ చతికిలబడి ఏడ్చేశారు. నిజం చెబుతున్నాను, నా మనసు చివుక్కుమంది.

"ఏ పశువు మేసిందండీ వీటిని?"

సరిగ్గా అప్పుడే అత్తగారింటికి వచ్చిన అల్లుడుగారు ఆ చీటీలు చూసి తెల్లబోయారు. "అయ్యో, అవి నేనే తిన్నానండీ అత్తయ్యగారూ!"

ఆవిడ చటుక్కున కళ్లు తుడుచుకున్నారు. "మీరేనా? అయితే ఫర్లేదు బాబూ, ఇంటి పంట ఇంట్లోకే వచ్చింది." ఆ వెంటనే నా వైపు తిరిగారు. "మరి మా అమ్మాయి వాటా ఏదండీ? పండగలోపు మళ్లీ మొలిపించండి. లేదా గది ఖాళీ చెయ్యండి."

ఆ తొమ్మిది రోజులూ రాజ్యం పొయ్యమన్నప్పుడే, పొయ్యమన్నన్నే నీళ్లు పోశాను. మొలిచాయి. ఆ జంట ఈనాటికీ పచ్చగా ఉంది, నా కళ్లు చల్లగా.

ఆ మొలకల మీద ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. రోదసిలో వాళ్లు ఆకలితో నకనకలాడినా సరే, పరాయివాళ్ల పెళ్లి పాలికల జోలికి పోను. పెళ్లికొడుకే జడ్జి అయితే అసలే పోను.