ఆరు బుడ్డల లెక్క

మా చిన్నాయన దావీదురాజు చేతులు ఊరికే ఉండటం నేనెప్పుడూ చూడలేదు. బస్సెక్కితే ముందు సీటు కమ్మీ మీద, అన్నం తింటుంటే కంచం అంచు మీద, వేళ్లు ఏదో ఒకటి కొడుతూనే ఉంటాయి. పగలు ఆదోనిలో పత్తి మిల్లులో పని. ఆ మోతలోనూ ఆయనకు లెక్క వినపడేదట. "ఆ మిషను నాలుగు కొట్టి ఒకటి మింగుతాది పాపా. మింగినదాన్ని పట్టుకున్నోడే వాయిస్తాడు" అనేవాడు.

ఆయన ఏ గురువు దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. చిన్నప్పుడు పీర్ల పండగ పది రోజులూ నిప్పుల గుండం చుట్టూ జనం అడుగులేస్తుంటే, డప్పులవాళ్ల మోకాళ్ల దగ్గర కూర్చునేవాడట. పెద్దయ్యాక పెండ్లిళ్ల బ్యాండులో తిరిగాడు. మా పిన్నిని చేసుకున్నాక మా ఊరి చర్చిలో ఆదివారాలు డప్పులా మోగే కరెంటు ప్యాడు వాయించాడు. మూడేళ్ల కిందట, సాయంత్రం పూట చర్చి వరండాలో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు.

అప్పటికే నేను బడి మానేశాను. తొమ్మిదో తరగతిలో మా అమ్మ విశ్వాసమ్మతో గుంటూరు వైపు మిరప కోతకు పోయాను. ఆ వలసను మేము సుగ్గి అంటాం. మూడు నెలలకు తిరిగొచ్చేసరికి పాఠాలు నన్ను దాటిపోయాయి. తర్వాత ప్రతి ఏడూ సుగ్గే. ఊరిలో ఉన్నప్పుడు చర్చి ఊడ్చే పని మాది. చీపురు పట్టుకుని స్తంభం పక్కన నిలబడి ఆయన చెప్పేది వినేదాన్ని.

మొదటి రోజు ఆయన ప్యాడు ముట్టుకోనివ్వలేదు. జేబులోనుంచి వేరుశనగ బుడ్డలు తీసి, బండ మీద వరసగా ఆరు పెట్టాడు.

"కొట్టండి. బుడ్డకొక చప్పట."

పిల్లలు కొట్టారు. మిల్లులో పని చేసినట్టు, చప్పగా.

"ఇప్పుడు సూడండి." రెండోదీ ఐదోదీ తీసి, వలిచి నోట్లో వేసుకున్నాడు. "ఖాళీ చోట కొట్టొద్దు. అట్లని ఎగరగొట్టొద్దు. లోపల అనుకోవాల."

ఈసారి చప్పట్లకు నడక వచ్చింది. రూతు అనే ఆరేళ్ల పిల్ల లేచి భుజాలు ఊపింది.

"ఇది మా అక్క పెండ్లిలో కొట్టింది కదా!"

"కదా? నీకు ముందే వచ్చు. నేనేం నేర్పలా. నిదానంగా పోతే కీర్తన, ఎగిరితే పెండ్లి ఊరేగింపు. లెక్క ఒకటే."

స్వరాలు కూడా అట్లాగే చెప్పేవాడు. అందరూ ఫోన్లలో వినే పాట ఒకటి కీబోర్డు మీద వాయించి, ఆఖరి స్వరం ముందు ఆపేసేవాడు. పిల్లలు నిలవలేక గునిసేవాళ్లు.

"ఏమప్పా, కడుపునొప్పా? పాటకూ ఇల్లుంటాది. ఇల్లు చేరకుంటే అట్లే ఉంటాది."

ఇంకో మాట తరచూ అనేవాడు. "నోరు ఏమన్నా చెప్తాది. చెయ్యి చెప్పలేదు. మనిషికి లోపల బెదురు పుడితే చెయ్యి పరిగెత్తుతాది."

ఒకరోజు నా వైపు చూడకుండానే, "ఆ స్తంభం వెనక ఉండే పాపా, నువ్వు చీపురుతో మా కంటే సరిగ్గా కొడతాండావు. ఈడికి రా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పోలేదు. మరుసటి రోజు నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నాకు రాత సరిగా రాదు. నేను చెప్తా, నువ్వు రాయి."

రెండేళ్లు రాశాను. చుక్క అంటే బుడ్డ, సున్న అంటే ఖాళీ. పేజీకి ఎడమవైపు అందరికీ తెలిసిన డప్పు దెబ్బ పేరు, కుడివైపు దానికి కుదిరే కీర్తన. అట్లా రాయమన్నది ఆయనే. "తెలిసినదాని పక్కన పెడితేనే తెలియనిది ఎక్కుతాది" అన్నాడు. అరవై రెండు దెబ్బలు అయ్యాయి. చిన్నపిల్లలకు నేనే నేర్పే దాకా వచ్చింది. నోటితో చెప్పడం నాకు రాకపోయినా బుడ్డలు పెట్టి చూపిస్తే వాళ్లకు చాలు.

పోయిన డిసెంబరులో సంఘంవాళ్లు ఈ తరగతిని ఏడాది పొడవునా జీతమిచ్చి నడపాలని, ఇద్దరిని పెట్టాలని అనుకున్నారు. చిన్నాయన మా ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పాడు.

"వదినా, ఈ ఏడు పాపను సుగ్గికి తీసకపోవద్దు. రెండో టీచరు ఈ పాపే."

"నిజమా మరిదీ? మళ్లీ మాట మార్చవు కదా?"

"నేను తాళం తప్పినానా ఎప్పుడన్నా?"

మా అమ్మ కూలీలను పోగుచేసే మేస్త్రీతో తన ఒక్కదాని పేరే చెప్పింది. ఆ వారం నేను నేలమీద నడిచిన గుర్తు లేదు.

క్రిస్మస్ ఆరాధనలో సిలువ కీర్తన నిదానంగా మొదలైంది. రూతు లేచి, బలిపీఠం ముందు పీర్ల గుండం అడుగు వేసింది. తాళం తప్పకుండా, చేతులు తిప్పుతూ. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. సంఘపెద్ద దేవదానం లేచాడు.

"ఎవురు నేర్పినారే నీకిది?"

"పుస్తకంలో ఉండాది తాతా!" అంది రూతు, మెచ్చుకుంటాడనుకుని.

ఆరాధన అయ్యాక ఎవరినీ పోనివ్వలేదు. బీరువాలోని పుస్తకం తెప్పించి దేవదానం పైకి చదివాడు. "ఎడమవైపు పీర్ల గుండం దెబ్బ. కుడివైపు సిలువ కీర్తన. శానా బాగుండాది! ఎవురప్పా ఇది రాసింది?"

నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన వేళ్లు ఆగి ఉన్నాయి. అట్లా చూడటం అదే మొదటిసారి.

"నా రాత కాదు పెద్దాయనా. నాకు రాత రాదని మీకు ఎరికే కదా. మా క్రిస్టినా రాసింది. చిన్నపిల్ల, తెలీక రాసింది. మన్నించండి."

ఒక్క మాటా అబద్ధం కాదు.

"నువ్వేనా మే రాసింది?"

"నేనే" అన్నాను. ఎవరు చెప్తే రాశావని దేవదానం అడగలేదు. అడగకుండా చెప్పడం నాకు చేతకాలేదు. ఈ పిల్ల టీచరుగా వద్దని ఆయన అక్కడే తేల్చేశాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని, "నోట్లో బుడ్డలు పెట్టుకున్నావా? ఆయన చెప్పినాడని చెప్పొచ్చు కదా" అంది. తర్వాత లేచి మేస్త్రీ ఇంటికి పోయింది, రెండో పేరు చెప్పడానికి.

సాయంత్రం చిన్నాయన వచ్చాడు. చేతిలో కొత్త నోటుపుస్తకం. మంచం అంచున కూర్చున్నాడు.

"నిజం చెప్పుంటే ఇద్దరమూ పోతాంటిమి పాపా. నేనుంటే రేపన్నా నిన్ను తెచ్చుకుంటా."

నేను నీళ్లిచ్చాను. తాగి, పుస్తకం నా వైపు జరిపాడు.

"పాతది పెద్దాయన చించేసినాడు. నీకు అన్నీ మనసులో ఉంటాయి కదా. ఎడమవైపుది వదిలేసి, మళ్లీ రాసియ్యి. పిల్లోళ్లకు కావాల."

పుస్తకం అట్ట తిప్పి చూశాను. ఆయనతో నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"అట్ట మీద ఎవరి పేరు రాయాల చిన్నాయనా?"

ఆయన గ్లాసును మంచం కింద పెట్టి, చెప్పులు వెతుక్కున్నాడు. పుస్తకం మంచం మీదే ఉండిపోయింది. పొద్దున మా పిన్ని వచ్చి, దాన్ని ఖాళీగానే తీసుకుపోయింది.

కొత్త సంవత్సరం వచ్చిన నాలుగో రోజు సాయంత్రం సుగ్గి బండి కదిలింది. బియ్యం మూటలు, గిన్నెలు, వాటి మధ్య మేము. ఇంకా ఎక్కాల్సిన భీమమ్మ కోసం చర్చి మలుపులో ఆపారు. వరండాలో తరగతి నడుస్తోంది. బండ మీద బుడ్డలు పెట్టి ఉన్నాయి. రూతు నన్ను చూసి చెయ్యి ఊపింది. చిన్నాయన తలెత్తలేదు.

ఆయన ఆరు లెక్క కొట్టి చూపిస్తున్నాడు. ఒక చుట్టు బాగానే వచ్చింది. రెండో చుట్టుకు ఖాళీలు ఇరుకైపోయాయి. మూడోదానికి పిల్లల చప్పట్లు వెనకబడ్డాయి.

"రాజన్నా, పరిగెత్తుతాండావు!" అని రూతు అరిచింది.

భీమమ్మ మూట పైకి అందించింది. నేను అందుకుని కాళ్ల కింద సర్దాను. బండి కదిలింది.