చెక్క నెమలికి ఆరు శుక్రవారాలు

అబుదాబి పక్క ముసఫ్ఫా లేబర్ క్యాంపులో ఒకాయన సన్న రంపం మిషన్‌తో చెక్క నెమళ్లు కోస్తాడని నాకు మొదట చెప్పింది, నాతోపాటు ఇంటిపని చేసే మరియమ్మ. దేవుడి దయ, నెల తిరక్కముందే ఆయన బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నాడు, ఒళ్లో నెమలితో.

ఆయన పక్క సీట్లో టై కట్టుకున్న పెద్దమనిషి దాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు. "ఎన్నాళ్లు పట్టింది?"

"ఆరు శుక్రవారాలు సార్, సెలవు ఆ ఒక్క దినమే. ఈకల ఒక్కో చిల్లుకు బ్లేడు ఇప్పి, దూర్చి, మళ్ల బిగించాలె."

"లేజర్ రెండు నిమిషాల్లో కోస్తుందయ్యా. పనిలేని పని!"

అంత చదువూ ఆ వెకిలి నవ్వుకే సరిపోయింది కాబోలు. ఆయన బూట్లకున్న మెరుపు మాటకు లేదు.

"రెండు నిమిషాలల్ల అయిపోతే, మిగిలిన శుక్రవారమంతా మళ్ల తాగుడే గద సార్," అంటూ ఆ నెమలి అన్న దాన్ని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

టై ఆయన కిటికీ వైపు తిరిగాడు. అన్న దిగిపోయాడు, పేరు అడగలేకపోయాను. మీరు ప్రార్థనకు కూర్చున్నప్పుడు, ఆయన శుక్రవారాలు చల్లగా గడవాలని ఒక్కసారి తలచుకోండి.