గేటమ్మ ఆఖరి పేరా

పదకొండేళ్లుగా ఏ పత్రికవాడికీ మొహం చూపించని గాయకుడి చేత తలుపు తీయించిన మనిషి గేటమ్మ. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. వారపత్రిక ఆఫీసులో పాఠకుల ఉత్తరాలు విడదీసి వరసపెట్టే ఉద్యోగం. వ్యాసం రాసుకొస్తానంటే అందరూ నవ్వారు. ఎనిమిది రోజులు ఆ ఇంటి గేటు ముందు నిలబడింది. ఎండకు మొహం కమిలింది, వానకు చెప్పులు అట్టలూడాయి. తొమ్మిదో రోజు వంటావిడ బయటికొచ్చింది.

"మా అయ్యగారే మొండివాడనుకున్నా, నువ్వు ఆయన్ని మించిన జగమొండివి. రా, కాసిని మంచినీళ్లు తాగి పో."

నీళ్లకని వెళ్లిన మనిషి నాలుగు గంటలు కూర్చుని వచ్చింది. ఆ సంచిక మధ్యాహ్నానికల్లా ఏ కొట్లోనూ లేదు. ఆఖరి పేరాలో ఉన్నవి గాయకుడి మాటలు కావు, వంటావిడవి: "గొంతు పోయి మానేశారనుకుంటారు అందరూ. రోజూ పొద్దున్నే వంటింట్లో పాడతారు. వినేదాన్ని నేనొక్కదాన్నే."

ఆనాటి నుంచీ అదే ఆమె పద్ధతి. ఎంతటివాడి గురించి రాసినా, ఆఖరి పేరా ఆ ఇంటి తలుపు తీసే మనిషిది. జనం ఆమె వ్యాసాన్ని వెనక నుంచి చదవడం నేర్చుకున్నారు. ఆఫీసువాళ్లు వెక్కిరింపుగా తగిలించిన "గేటమ్మ" అనే పేరు బిరుదై కూర్చుంది.

చెప్పుకోవలసినవి చెప్పుకోవాలి, మూటగట్టి అటక మీద పెడితే ఎవరికి తెలుస్తాయి? ముప్పై ఒక్క ఏళ్లు. నాలుగు వందల పన్నెండు మంది ప్రముఖులు. తన చేతిలో ఆపరేషను వికటించిందని తానే బయటపెట్టిన సర్జన్, కుస్తీ వదిలేసి పిల్లల బడి పెట్టిన వస్తాదు, పదవి పోయిన మర్నాడు బస్సులో టిక్కెట్టు కొనడం తెలియక తెల్లమొహం వేసిన మంత్రి. ఇవి కాక వారం వారం నగరం మీద ఒక పేజీ. ఆమె రాసిన వారానికి చేపల బజారు కాలవకి మూతలు పడ్డాయి. ఆమె రాసిన నెలకి నర్సులకు కూర్చునే బల్లలొచ్చాయి. పల్లెటూరి బడిలో నేల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్న పిల్ల ఇదంతా చేసింది.

మొదటి వ్యాసం రాతప్రతి ప్రెస్సులో పోయింది. అప్పటి నుంచి కింద కార్బన్ కాగితం పెట్టకుండా ఆమె ఒక్క ముక్క రాయలేదు. ఆ నకళ్లన్నీ దర్జీ అయిన ఆమె అన్న దాచాడు. మిగులు గుడ్డలతో సంచులు కుట్టి, ఏడాదికొకటి చొప్పున, కుట్టుమెషీను పక్క బీరువాలో పేర్చాడు.

అలాంటి మనిషి పేరు మీద ఈ ఏడు మార్చిలో బురద చల్లారు. చల్లింది బయటివాడు కాదు, సొంత ఎడిటరు.

నగరంలో సగం వంతెనలు కట్టిన కంట్రాక్టరు మీద వ్యాసం రాయమన్నారు. వెళ్లింది, రాసింది. ఆ ఇంటి గేటు కాపలాదారు ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన తాపీ మేస్త్రి. పరంజా అయిదో వరస నుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి నోటమాట పడిపోయింది. న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వకుండా గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతని భార్య కార్మిక కోర్టుకెక్కింది. గురువారం గేటమ్మ ప్రూఫులు దిద్ది ఇంటికెళ్లింది. శుక్రవారం సంచిక వచ్చింది. ఆమె విప్పి చూడలేదు. దిద్దిన తరవాత తన రాత తాను మళ్లీ చదవకపోవడం ఆమెకో గర్వం. ఈసారి ఆ గర్వమే దెబ్బకొట్టింది.

శనివారం పొద్దున గేటమ్మ అన్న దర్జీకొట్లో ఉండగా, గుమ్మంలో కాపలాదారు భార్య నిలబడింది. చేతిలో పత్రిక.

"మా ఆయనకి మాటలొచ్చాయటగా అక్కా. వీధంతా నవ్వుతోంది. ఇంట్లో నాతో ఒక్క ముక్కా అనలేదు మరి. మీతో ఎప్పుడన్నాడు?"

గేటమ్మ పత్రిక లాక్కుంది. ఆఖరి పేరా ఇలా ఉంది: "'మా అయ్యగారు దేవుడు. కూడు పెట్టారు, నీడ ఇచ్చారు. ఇంతకన్నా నాకేం కావాలి?' అన్నాడు కాపలాదారు గేటు తీస్తూ." దాని కింద గేటమ్మ పేరు.

"మంగళవారం వాయిదా అక్కా. వాళ్ల వకీలు ఇదే చూపిస్తాడట. వీడికి మాట ఉంది, ఇంకేమీ అక్కర్లేదని కూడా వీడే అన్నాడు అని. డాక్టరు కాగితం ఉందిగా అంటే, గేటమ్మ రాశాక డాక్టరు కాగితం ఎవడిక్కావాలి అంటున్నారు. మీరంటే ఊరందరికీ నమ్మకం. ఆ నమ్మకమే మా కొంప ముంచింది."

అన్న కత్తెర బల్ల మీద పడేశాడు. "ఏ వెధవ రాశాడే ఇది?"

"నా పేరుతో రాశాడన్నయ్యా. నా పేరుతో!" ఆమె మెడ మీద నరాలు తాళ్లలా లేచాయి. "ఈ ఏటి సంచి తియ్యి."

సోమవారం ఆఫీసు తెరవగానే ఆమె ఎడిటరు గదిలో ఉంది. వాడు పాత ఎడిటరు కొడుకు. నిక్కర్ల వయసులో ఆమె బల్ల కింద దూరి పెన్సిళ్లు కొరికినవాడు.

"కూర్చో పిన్నీ."

"నా ఆఖరి పేరా ఏమైంది?"

"కాస్త సర్దాను. వెనక అట్ట ప్రకటన ఏడాది పొడుగునా ఆ కంట్రాక్టరుదే కదా. పరంజా, పడిపోవడం, అవన్నీ ఎలా వెయ్యను?"

"తీసి పారెయ్యాల్సింది. తిట్టుకుని ఊరుకునేదాన్ని."

"అదే అనుకున్నా. కానీ గేటు మనిషి మాట లేకపోతే నీ వ్యాసంలా ఉండదే! జనం పట్టేస్తారని నేనే రెండు ముక్కలు అతికించా. అచ్చం నీలాగే కుదిరిందన్నారు పిన్నీ."

"అతనికి నోరు లేదని రాశాను కదరా!"

"ఆ పేరా కొట్టేశాగా, ఇంకెవరికి తెలుస్తుందిలే అనుకున్నా."

"కట్టుకున్నదానికి తెలుసు. వీధికి తెలుసు. నోరు లేని ఆ మనిషి నోట్లో నువ్వు పొగడ్త కుక్కావు. అన్నం తినే నోరేనా నీది? సవరణ వెయ్యి. వాకిట్లో బోర్డు మీద ఇవాళే అంటించు."

"వచ్చే శుక్రవారం చూద్దాంలే."

"వాయిదా రేపు. నువ్వు వెయ్యకపోతే నేనే కోర్టుకెళ్లి చెప్తాను."

వాడి మొహం ముడుచుకుంది. "మన పత్రిక మీద మనమే సాక్ష్యమా? ఇంటిగుట్టు బయటేసుకుంటావా పిన్నీ?"

"పిన్నీ పిన్నీ అని నా కళ్లకి గంతలు కట్టకు. పిన్నిని ఇంట్లో. ఇక్కడ గేటమ్మని. మీ నాన్న ఈ పేరు కింద ఒక్క అబద్ధం పడనివ్వలేదు."

"వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కక్కర్లేదు."

"ఎందుకు తొక్కను? ఆ కుర్చీ ముప్పై ఒక్క ఏళ్లు నేను అరగదీసింది. పొమ్మంటే కారణం కాగితం మీద రాసివ్వు. ఈసారి కింద నీ పేరు పెట్టు."

తలుపు విసురుగా వేసి మెట్లు దిగింది. సంచిలో కార్బన్ నకలు ఉంది. వాడు కొట్టేసిన పేరా అందులో చెక్కుచెదరలేదు: "కాపలాదారు ఏమీ అనలేదు. అనలేడు. నా పుస్తకం తీసుకుని పరంజా బొమ్మ గీశాడు. అయిదో వరస మీద చుక్క పెట్టాడు. తరవాత గేటు మూశాడు." అతను గీసిన కాగితం కూడా నకలుకి గుండుసూదితో గుచ్చి ఉంది.

ఆఫీసు గేటు దగ్గర రాకపోకల పుస్తకం ఉంటుంది. బయటికెళ్లేవాళ్లు ఎక్కడికో, ఎప్పుడొస్తారో రాసి వెళ్లాలన్నది పాత ఎడిటరు పెట్టిన నియమం. అందులో రాసిన తేదీకి తిరిగి రావడం గేటమ్మ ఒక్కసారీ తప్పలేదు. జ్వరంతోనూ వచ్చింది, తల్లి పోయిన వారంలోనూ వచ్చింది. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసి పుస్తకం తిప్పింది.

గేటు పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "చినబాబు అరుపులు ఇక్కడిదాకా వినపడ్డాయమ్మా. మళ్లీ రావద్దన్నాడుగా, తేదీ రాశావేంటి?"

"గురువారం ప్రూఫులు ఎవరు దిద్దుతారు, వాడా?"

పెద్దాయన కిసుక్కున నవ్వి, వేలు పెట్టి పైకి చదివాడు: "కార్మిక కోర్టు, సాక్ష్యం, మంగళ బుధవారాలు. తిరిగి వచ్చేది మార్చి పంతొమ్మిది, గురువారం, పొద్దున పది గంటలకి."